పొద్దున దీపం పెట్టి, ఆఫీసులో కోడ్ రాస్తే తప్పా?

ప్రశ్న: నమస్తే సార్. నాకు 31 ఏళ్లు. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చాను. హైదరాబాద్‌లో ఆన్‌లైన్ చెల్లింపుల టీమ్‌లో పని చేస్తున్నాను. రోజూ దీపం పెట్టకుండా ఇంట్లోంచి కదలను. నాకు 17 ఏళ్లున్నప్పుడు, ఆరేళ్ల మా తమ్ముడికి బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. అమ్మ చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంది. రెండున్నరేళ్లు వైద్యం జరిగింది. వాడు బతికాడు. అమ్మా నేనూ 108 ప్రదక్షిణలు చేసి మొక్కు తీర్చుకున్నాం. వాడిప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఈ సంగతి తెలిసిన ఒక కొలీగ్ మొన్న లంచ్ దగ్గర అందరి ముందూ, "ఫిజిక్స్ చదివిన దానివి, సిగ్గుగా లేదా? మీ తమ్ముణ్ణి బతికించింది మందు, బాలాజీ కాదు. నిజమైన సైంటిస్టులెవరూ దేవుణ్ణి నమ్మరు" అన్నాడు. ఏమీ చెప్పలేక బాత్రూమ్‌కి వెళ్లి ఏడ్చాను.

ఇంకో సంగతి. పోయిన నెల ఒక గురువారం మధ్యాహ్నం 2 గంటలకు మా కొత్త కోడ్ రిలీజ్. ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా రాహుకాలమని మా లీడ్ దాన్ని ముందుకు జరిపి 1:10కే చేయించారు. కొత్త కోడ్ వల్ల పాతవేవీ చెడలేదని చూసే రిగ్రెషన్ టెస్టులు అయ్యేసరికి 1:45 అవుతుంది. "మిగిలినవి ఎప్పుడూ పాసయ్యేవే కదా" అన్నారు. ఇరవై నిమిషాల్లో చెల్లింపులు ఫెయిలవడం మొదలైంది. పాత కోడ్‌కు రోల్‌బ్యాక్ అయ్యేసరికి రెండు గంటలు పట్టింది. మర్నాడు టీమ్‌కి దిష్టి తగిలిందని నిమ్మకాయలతో తీయించారు. తప్పుకు మూలకారణం రాసే రిపోర్టులో, అంటే ఆర్‌సీఏలో, "ఊహించని కాన్ఫిగరేషన్ సమస్య" అని రాశారు. దాన్ని ఇంకా క్లోజ్ చేయలేదు. ఆ రోజు నేను అడ్డు చెప్పలేదు. ఎందుకంటే రాహుకాలంలో రిలీజంటే నాకూ భయం వేసింది. ఇంట్లో మా మామగారు అన్నీ వేదాల్లో ఉన్నవే అంటారు. నేను ఇద్దరు మనుషులుగా బతుకుతున్నానా? దేవుణ్ణి వదులుకోవాలా, సైన్స్ చదివానని చెప్పుకోవడం మానుకోవాలా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు:

అమ్మా,

తమ్ముడి సంగతీ గురువారం సంగతీ కలిపి ఒకే ముడి వేసుకున్నారు. ఆ ముడే మీకు ఊపిరాడనివ్వడం లేదు. ముందు తమ్ముడి సంగతి మాట్లాడుకుందాం, మీకు దెబ్బ తగిలింది అక్కడే కాబట్టి.

ఏ రకం బ్లడ్ క్యాన్సరో మీరు రాయలేదు. ఆ వయసు పిల్లల్లో ఎక్కువగా వచ్చేది ఏఎల్ఎల్ (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా) అనే రకం. రెండున్నరేళ్ల వైద్యం అన్నారు కాబట్టి అదే అయ్యుంటుందని అనుకుంటున్నాను. అదే అయితే, వైద్యం చివరి ఏడాదిన్నరలో వారానికొకసారి చిన్న పసుపు మాత్రలు లెక్కపెట్టి వేయడం మీకు గుర్తుండాలి. వాటి పేరు మెథోట్రెక్సేట్.

ఆ మాత్ర వెనక మన భీమవరంలో 1895లో పుట్టిన మనిషి ఉన్నారు, యల్లాప్రగడ సుబ్బారావు గారు. మద్రాసులో చదువుకునే రోజుల్లో ఆయన రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం పుచ్చుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. మెడిసిన్‌లో చేరారు. 1923లో అమెరికా వెళ్లి ముందు హార్వర్డ్‌లో, తర్వాత లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో పని చేశారు. రక్తకణాలు తయారవడానికి కావలసిన ఫోలిక్ యాసిడ్‌ను ఆయన బృందం ల్యాబులో తయారు చేసింది. దాన్ని పోలి ఉంటూనే దాని పనికి అడ్డుపడే పదార్థాలను కూడా చేసింది. అలాంటి వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బోస్టన్‌లో చావుబతుకుల్లో ఉన్న పిల్లలకు ఇచ్చారు. 1948 జూన్‌లో ఫలితాలు అచ్చయ్యాయి. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గింది. అంతకు ముందు ఏ మందూ అంత పని చేయలేదు. మెథోట్రెక్సేట్ ఆ అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టం. సుబ్బారావు గారు ఆ ఆగస్టులోనే, 53 ఏళ్లకు పోయారు. మీ తమ్ముడిలాంటి పిల్లలు బతికి పెద్దవాళ్లవడం ఆయన చూడలేదు.

సన్యాసి కావాలనుకున్న మనిషి చేసిన పని కనుక మందులో దేవుడున్నాడని నేను చెప్పబోవడం లేదు. ఆ మాట నేను అనలేను. మీ కొలీగ్ చెప్పినదాంట్లో నిజం ఉంది, దాన్ని మీరు ఒప్పుకోవాలి. 1947కు ముందు కూడా తల్లులు మీ అమ్మగారంత గట్టిగానే మొక్కుకున్నారు. ఆ పిల్లలు నెలల్లోనే పోయారు. మందు వచ్చాక గుడికి వెళ్లే ఇంటి పిల్లలూ, మసీదుకు వెళ్లే ఇంటి పిల్లలూ, ఎక్కడికీ వెళ్లని ఇంటి పిల్లలూ బతకడం మొదలైంది. ఆ రెండున్నరేళ్లలో మీ పక్క బెడ్ మీద పిల్లలను కూడా మీరు చూసి ఉంటారు. వాళ్లందరూ ఇంటికి వెళ్లలేదు. ఆ తల్లులకూ మొక్కులున్నాయి. అందుకే తమ్ముడు బతకడాన్ని దేవుడికి రుజువుగా ఎవరి ముందూ పెట్టకండి. అలా పెడితే, పక్క బెడ్ తల్లికి మీరు ఏం జవాబు చెబుతారు?

మీరు అలా పెట్టలేదని నాకు తెలుసు. మీరు చెప్పింది కృతజ్ఞత. మీ కొలీగ్ దాన్ని వాదనగా విన్నాడు.

మీ అమ్మగారి మొక్కు ఏం చేసిందో మీ కొలీగ్‌కు తెలిసే అవకాశం లేదు. వెన్నులో సూదులు, జ్వరాలు, రక్తకణాల కౌంట్ పడిపోయిందని అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగులు, ఖర్చు, చుట్టాల మాటలు. ఇవన్నీ రెండున్నరేళ్లు. పిల్లల క్యాన్సర్ డాక్టర్లను ఎవరినైనా అడగండి, మన దగ్గర వాళ్లను బాగా బాధపెట్టే వాటిలో ఒకటి వైద్యం మధ్యలో ఆపేసి వెళ్లిపోయే కుటుంబాలు. పిల్లవాడు కాస్త కోలుకోగానే ఇక చాలనుకుంటారు, లేదా చేతిలో డబ్బు అయిపోతుంది, లేదా మనసు అయిపోతుంది. మీ అమ్మగారు ఒక్క డేటు కూడా తప్పించి ఉండరు. ఆవిడను నిలబెట్టింది ఏదైతే దాని పేరు ఆవిడ బాలాజీ అంటుంది. దాన్ని లంచ్ టేబుల్ మీద పెట్టి కొలవడం ఎవరి తరమూ కాదు, ఎవరి హక్కూ కాదు.

ఇక "నిజమైన సైంటిస్టులెవరూ నమ్మరు" అన్న మాట. దీనికి లెక్కలున్నాయి. అమెరికాలో ల్యూబా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1914లో శాస్త్రవేత్తలను, ప్రార్థన ఆలకించే దేవుణ్ణి నమ్ముతారా అని అడిగారు. సుమారు 40 శాతం అవునన్నారు. అదే ప్రశ్నను వేరేవాళ్లు 1996లో మళ్లీ అడిగితే దాదాపు అదే శాతం వచ్చింది. ఎనభై ఏళ్లలో క్వాంటమ్ మెకానిక్స్, డీఎన్ఏ, కంప్యూటర్లు అన్నీ వచ్చినా ఆ అంకె పెద్దగా కదల్లేదు. అయితే అక్కడి నేషనల్ అకాడమీ సభ్యులను, అంటే శాస్త్రంలో పై మెట్టు మీదున్న వాళ్లను 1998లో అడిగితే నమ్మేవాళ్లు 7 శాతమే. కాబట్టి మీ కొలీగ్ మాట పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పు కూడా కాదు. అవి అమెరికా అంకెలు, చాలావరకు క్రైస్తవ దేవుణ్ణి మనసులో పెట్టుకుని చెప్పిన జవాబులు. మన పూజగదికి వాటిని యథాతథంగా అతికించకూడదు.

అంకెల కంటే నాకు ఒక జంట గుర్తొస్తుంది. 1979లో ఫిజిక్స్ నోబెల్‌ను ముగ్గురు పంచుకున్నారు. వారిలో అబ్దుస్ సలాం నిష్ఠగల ముస్లిం, అహ్మదీయ శాఖ. తన మతం వాళ్లను ముస్లింలు కారని 1974లో సొంత దేశం పాకిస్తాన్ చట్టం చేసినా ఆయన నమ్మకం వదల్లేదు. నోబెల్ విందులో ఖురాన్ వాక్యం చదివారు. స్టీవెన్ వైన్‌బర్గ్ బాహాటంగా నాస్తికుడు. విద్యుదయస్కాంత బలం, బలహీన కేంద్రక బలం నిజానికి ఒకటేనని ఇద్దరూ విడివిడిగా ఒకే సిద్ధాంతానికి వచ్చారు. ఎమ్మెస్సీలో మీరూ చదివే ఉంటారు. ఆ సమీకరణాలు చూసి ఏది నమాజు చేసే చేయి రాసిందో చెప్పగలరా? ఆ సిద్ధాంతం చెప్పిన కణాలను 1983లో సెర్న్‌లో పట్టుకున్నప్పుడు ఆ యంత్రం కూడా అది అడగలేదు.

మీ మామగారి మాట గురించి ఎక్కువ చెప్పను. భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా నక్షత్రాల అయనీకరణం మీద చేసిన పని గురించి ఢాకాలో ఒక లాయరుకు చెబితే, ఆయన కూడా "అన్నీ వేదాల్లో ఉన్నవే" అన్నారట. ఎక్కడుందో చెప్పమంటే, తాను చదవలేదన్నారట. సాహా తర్వాత ఏళ్ల తరబడి ఆ గ్రంథాలు తిరగేసి, తన పని వాటిలో లేదని రాశారు. అలాగని మన పంచాంగాన్ని ఆయన అవతల పారేయలేదు. దేశంలోని పంచాంగాలను సరిచేసే కమిటీకి ఆయనే అధ్యక్షుడు. ఆ కమిటీ సిఫారసుతోనే 1957 మార్చి 22న మన జాతీయ క్యాలెండర్ అమల్లోకి వచ్చింది. మామగారితో వాదన వద్దు. పెద్దాయన సంతోషం ఆయనది. మీ కోడ్ రివ్యూకి ఆయన రారు కదా.

కానీ లీడ్ వస్తారు. అందుకే అసలు సంగతి గురువారానిది.

అది చెప్పే ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. నేను గుడికి వెళ్లను. మా ఇంట్లో దీపం నా భార్య పెడుతుంది. ముప్పై ఏళ్లు ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరుగా చేశాను. ఉద్యోగంలో చేరిన ఐదారేళ్లకు, మా యూనిట్‌లో బాయిలర్ ఫీడ్ పంపుల దగ్గర ఒక ఆపరేటర్ ఉండేవాడు. నైట్ షిఫ్ట్‌కి రాగానే పంపు ఫౌండేషన్ దగ్గర ఒక నిమ్మకాయ పెట్టి, దండం పెట్టుకుని, ఆ తర్వాతే రౌండ్ మొదలుపెట్టేవాడు. నాకు ఆ నిమ్మకాయ అంటే మంట. ఒక వారం అతను లాగ్ బుక్‌లో రాస్తూ వచ్చాడు. బేరింగ్ ఉష్ణోగ్రత 66. మర్నాడు 69. ఆ తర్వాత 71, 74. పక్కన "పెరుగుతోంది, చూడగలరు" అని రాసి సంతకం చేశాడు. అలారం రావాలంటే ఇంకా చాలా దూరం ఉంది. నేను చూసి, ఉష్ణోగ్రత కొలిచే ఆర్‌టీడీ సెన్సార్ పాడై ఉంటుంది, నిమ్మకాయ పెట్టేవాడికి రీడింగ్ ఏం తెలుసు అని మనసులో అనుకుని, సెన్సార్ మార్చే పనుల జాబితాలో రాసి పక్కన పెట్టాను. రెండు రాత్రుల తర్వాత ఆ బేరింగ్ పట్టేసింది. పంపు ట్రిప్ అయి ఆగిపోయింది. స్టాండ్‌బై పంపు అందుకోవడంతో యూనిట్ పడిపోలేదు కానీ లోడ్ సగానికి దించాల్సి వచ్చింది. తెరిచి చూస్తే ఆయిల్ దారిలో చెత్త అడ్డం పడి ఉంది. ఆర్‌టీడీ బాగానే ఉంది.

ఆ రోజు అక్కడ శాస్త్రీయంగా ప్రవర్తించింది ఎవరమ్మా? అతను దండం పెట్టుకుని, మీటరు చూసి, ఉన్నది ఉన్నట్టు రాశాడు. నేను దండం పెట్టలేదు, అతని నుదుటి బొట్టు చూసి అంకెను నమ్మలేదు. మర్నాడు వెళ్లి క్షమాపణ అడిగాను. "మీరు రీడింగ్ చూస్తారనే రాశాను సార్" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అప్పటి నుంచి ఒక మనిషి నమ్మకం గురించి నేను అడిగేది ఒక్కటే: మీటరు ఒకటి చెప్పి, నమ్మకం ఇంకోటి చెప్పినప్పుడు అతను లాగ్ బుక్‌లో ఏది రాస్తాడు?

ఇస్రో వాళ్లు ప్రయోగానికి ముందు రాకెట్ నమూనాను శ్రీవారి పాదాల దగ్గర పెట్టడం మన టీవీల్లో ఏటా చూస్తాం. శ్రీహరికోటకు దారిలో సూళ్లూరుపేట చెంగాళమ్మ దగ్గర ఆగి దండం పెట్టుకోవడం కూడా మామూలే. 2023 జూలైలో చంద్రయాన్-3కి ముందు వాళ్ల బృందం నమూనాతో తిరుమల వెళ్లింది. అప్పటి ఛైర్మన్ సోమనాథ్ చెంగాళమ్మ గుడికి వెళ్లారు. మీ కొలీగ్‌లాంటి వాళ్లు దాన్ని తప్పు పట్టారు, మీ మామగారిలాంటి వాళ్లు విజయం అందుకేనన్నారు. ఇద్దరూ 2019ని వదిలేశారు. చంద్రయాన్-2కి ముందు కూడా అప్పటి ఛైర్మన్ శివన్ తిరుమల వెళ్లి దండం పెట్టుకునే వచ్చారు. ఆ సెప్టెంబర్ 7 తెల్లవారుజామున విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోయింది.

ఆ తర్వాత వాళ్లు చేసిన పని చూడండి. మొక్కులో లోపం వెతకలేదు, దిష్టి అనలేదు. ఇంజిన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ తోపుడు బలం ఇచ్చాయి, తప్పులు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి, దిశ మార్చుకోవాల్సిన వేగంతో ల్యాండర్ మార్చుకోలేకపోయింది, దిగాల్సిన చోటు మరీ చిన్నది అని తేల్చారు. ఇవి బయటికి చెప్పారు. 500 మీటర్ల చదరం ఉన్న ల్యాండింగ్ చోటును 4 కిలోమీటర్లకు 2.4 కిలోమీటర్లు చేశారు. కాళ్లు గట్టిపరిచారు, ఇంధనం పెంచారు, మధ్యలో ఉన్న ఐదో ఇంజిన్ తీసేశారు, వేగాన్ని కొలిచే లేజర్ పరికరం కొత్తగా పెట్టారు. ఏమేం చెడిపోవచ్చో ముందు అనుకుని, అవన్నీ జరిగినా దిగేలా డిజైన్ చేశామని సోమనాథ్ చెప్పారు. 2023 ఆగస్టు 23న దిగింది. ఆ వారంలోనే ఆయన తిరువనంతపురం దగ్గర ఒక అమ్మవారి గుడికి కూడా వెళ్లారు. వెళ్లనివ్వండి. ఆ మనిషి ఫెయిల్యూర్‌కు కారణాలు ఏం చెప్పాడో మనకు తెలుసు.

ఇది మన దేశపు జబ్బని కూడా అనుకోకండి. అమెరికాలో జెట్ ప్రొపల్షన్ ల్యాబ్ వాళ్లు చంద్రుడి కోసం చేపట్టిన రేంజర్ నౌకలు వరసగా ఆరు విఫలమయ్యాయి. 1964లో ఏడోది పంపిన రోజు ఎవరో కంట్రోల్ రూమ్‌లో పల్లీలు పంచారు. అది విజయవంతమైంది. ఆరు దశాబ్దాలుగా పెద్ద మిషన్ ఉన్న దాదాపు ప్రతిసారీ అక్కడ పల్లీలు ఉంటాయి. మలినోస్కీ అనే మానవ శాస్త్రవేత్త వందేళ్ల కిందట పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల జాలర్లను చూసి ఒక మంచి సంగతి గమనించారు. లోపలి మడుగులో చేపలు పట్టేటప్పుడు వాళ్లు ఏ మంత్రమూ వేయరు, అక్కడ అపాయం లేదు. నడి సముద్రంలోకి వెళ్లేటప్పుడు మాత్రం మంత్రాలు, తంతులు. మీ ఆఫీసు కూడా అంతే. టెస్ట్ సర్వర్‌లో కోడ్ పెట్టేటప్పుడు ఎవరూ రాహుకాలం చూడరు. ప్రొడక్షన్, అంటే జనం వాడే అసలు సర్వర్ అనేసరికి చేతులు చల్లబడతాయి. నడి సముద్రంలోకి వెళ్లే మనిషి దండం పెట్టుకోవడాన్ని నేను తక్కువ చేయను. ఆ జాలర్లు పడవకు చిల్లులున్నాయో లేదో చూడకుండా మంత్రం వేసి వెళ్లలేదు. మంత్రం ఒక పక్క, పడవ బాగుచేసుకోవడం ఒక పక్క, రెండూ చేసుకునేవాళ్లు.

మీ లీడ్ చేసిన తప్పు రాహుకాలాన్ని నమ్మడం కాదు. ఆ నమ్మకానికి ముప్పై ఐదు నిమిషాల టెస్టులను బలి ఇవ్వడం. మధ్యాహ్నం మూడు దాటాక చేసి ఉంటే ఆయన నమ్మకమూ నిలిచేది, టెస్టులూ అయ్యేవి. ఇంత చిన్న సంగతి ఆ టెన్షన్‌లో ఎవరికీ తట్టలేదు. పైగా మర్నాడు దిష్టి తీయడం. అది నాకు మొదటి తప్పు కంటే పెద్దదిగా కనిపిస్తోంది. దిష్టి అనగానే అందరి మనసూ తేలికపడింది, కారణం వెతకడం ఆగిపోయింది. ఆ రెండు గంటల్లో మందుల షాపు దగ్గరో, ఆసుపత్రి కౌంటర్ దగ్గరో డబ్బు కట్ అయి, చెల్లింపు వెళ్లక నిలబడిపోయిన వాళ్లుంటారు. వాళ్లకు ఎవరి దిష్టి తగిలింది?

ఇప్పుడు మీరు చేయాల్సిన పని గురించి. లీడ్ నమ్మకం మీద ఒక్క మాట కూడా అనకండి. రాహుకాలం ఆ ఊరి సూర్యోదయ సూర్యాస్తమయాల మీద కట్టే లెక్క కదా, మన సర్వర్లు ఏ ఊళ్లో ఉన్నాయి లాంటి వాదన మీకు తట్టినా దాచుకోండి. దానితో ఆయన ఓడిపోతారు, మారరు. ఆర్‌సీఏ ఇంకా క్లోజ్ కాలేదన్నారు, అదే మీకు దొరికిన తలుపు. టైమ్‌లైన్ రాయండి. రిలీజ్ సమయం 2:00 అని ఉంది, 1:10కి చేశాం, అప్పటికి రిగ్రెషన్ పూర్తి కాలేదు, ఇన్ని టెస్టులు మిగిలాయి, ఫెయిలైన కేసు వాటిలో ఉందో లేదో ఇదిగో. ఎందుకు జరిపారన్న దగ్గర రాహుకాలం అని రాయనక్కర్లేదు, "సమయం మార్చారు" చాలు. కింద ఒక ప్రతిపాదన: టెస్టులు వంద శాతం పూర్తయ్యే దాకా రిలీజ్ బటన్ పనిచేయకూడదు, సమయం ముందుకు జరపాలంటే ఇద్దరి అనుమతి కావాలి. అది సిస్టమ్‌లో పెట్టించండి, మనుషుల ధైర్యం మీద వదలకండి. ముందు లీడ్‌కు విడిగా చూపించి, "సార్, వెనక్కి జరపడానికి ఎప్పుడూ అభ్యంతరం లేదు, మంచి సమయం చూసుకునే చేద్దాం, ముందుకు మాత్రం వద్దు" అని చెప్పండి. ఆయన ఒప్పుకుంటారనే నా ఆశ. ఒప్పుకోకపోతే టైమ్‌లైన్ మాత్రం మీ పేరుతో ఉండాలి. "పెరుగుతోంది, చూడగలరు" అని సంతకం చేసినట్టు.

మీ సొంత భయం గురించి కూడా రాశారు, దాచకుండా. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది అదే. రాహుకాలం అంటే గుండె దడదడలాడటం చిన్నప్పటి నుంచి వచ్చింది, ఎమ్మెస్సీతో పోదు. పోవాలని కూడా లేదు. మీ కంపెనీ పాత రిలీజుల తేదీలు, సమయాలు మీ దగ్గర ఉంటాయి. ఒకరోజు కూర్చుని రాహుకాలంలో జరిగినవి ఎన్ని, అందులో ఫెయిలైనవి ఎన్ని, మిగతా వేళల్లో ఎన్ని అని లెక్క తీయండి. ఎవరికీ చూపించనక్కర్లేదు, మీ కోసం. ఏం వస్తుందో చూసి మీరే తేల్చుకోండి. ఫిజిక్స్ చదివిన మనిషి భయంతో చేయగల మర్యాదైన పని అదేనని నాకు అనిపిస్తుంది.

ఇంకొకటి, మీరు అడగలేదు కానీ చెప్పాలి. ఆ రోజు నిమ్మకాయలతో దిష్టి తీసినప్పుడు మీ టీమ్‌లో ముస్లింలు, క్రైస్తవులు, ఏమీ నమ్మని వాళ్లు కూడా నిలబడి ఉంటారు. మిమ్మల్ని ఏడిపించిన కుర్రాడు కూడా. వాళ్లను ఎవరైనా అడిగారా? మనకు గోరా గారి సంగతి ఉంది. గోపరాజు రామచంద్రరావు గారు వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు. దేవుడు లేడని బాహాటంగా అన్నందుకు కాకినాడలో ఒకసారి, మచిలీపట్నంలో ఒకసారి ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టుకున్నారు. పాఠం సరిగా చెప్పలేదని ఆయనను తీసేయలేదు. లంచ్ టేబుల్ దగ్గర మీకు జరిగినదీ ఆయనకు జరిగినదీ ఒకే తప్పు: మనిషి పనిని వదిలేసి నమ్మకాన్ని పట్టుకోవడం. ఆయుధపూజ రోజు కీబోర్డుకు బొట్టు పెట్టనన్న వాడి కీబోర్డును వదిలేయమని మీరు చెప్పగలిగితే, మీరు చెబితేనే దానికి విలువ ఉంటుంది. రోజూ దీపం పెట్టే మనిషి కాబట్టి.

ఆ కుర్రాడికి ఏం జవాబు చెప్పాలో కూడా చెబుతాను. అందరి ముందూ ఏమీ చెప్పకండి. విడిగా ఒకసారి కాఫీకి పిలిచి, "మందే బతికించింది, ఆ మందు పేరు నాకు తెలుసు, దాన్ని చేసిన వాళ్ల పేరూ తెలుసు. మా అమ్మ రెండున్నరేళ్లు ఎలా నిలబడిందో నీకు తెలియదు, అందుకే ఆ మాట బాధపెట్టింది" అనండి. అతను మంచివాడైతే సిగ్గుపడతాడు. కాకపోయినా మీరు చెప్పాల్సింది చెప్పినట్టే. వీలైతే ఆర్‌సీఏ టైమ్‌లైన్‌ను ముందుగా అతనికే చూపించండి. టెస్టులు ఆపకూడదన్న దగ్గర మీ ఇద్దరికీ తేడా ఉండదు, చూడండి.

దీపం పెట్టడం మానొద్దు. పొద్దున వెలిగించేటప్పుడు తమ్ముడిని తలచుకునే ఉంటారు. ఏటా చెకప్ ఉంటుందనుకుంటాను, ఈ ఏడాదిది ఎప్పుడో రాయలేదు. వాణ్ణి తోలుకెళ్లి, రిపోర్టు వచ్చాక నాకు ఒక ముక్క రాయండి. ఆ గురువారం ఆర్‌సీఏ ఏమైందో కూడా అందులోనే రాయండి.